మరక పడని మందు

నేను ఇన్నేళ్లుగా మోస్తున్నది పెద్ద మూటేమీ కాదు. ఒక చిన్న మాట. ధర్మవరంలో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని, చేతిలో కాఫీ గ్లాసు పట్టుకుని, నన్ను నమ్మిన మనిషికి ఒక అబద్ధం చెప్పాను. ఆ అబద్ధంతో ఒక తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములు విడిపోయారు. ఇప్పటికీ వాళ్ల మధ్య మాటల్లేవు. ఎందుకు విడిపోయారని అడిగితే ఊళ్లో అందరూ ఒకే కారణం చెబుతారు. ఆ కారణం నేను కల్పించింది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పబోయిన ప్రతిసారీ మాట గొంతు దగ్గర దారి మళ్లి, ఇంకేదో అయి బయటికి వచ్చేది. నా పేరు రాయను. పిరికితనం అంటారా, అనండి. ఆ అన్నదమ్ముల పేర్లు కూడా మార్చి రాస్తున్నాను. అన్నను ఓబులేసు అంటాను, తమ్ముణ్ణి మద్దిలేటి అంటాను.

మాది పెనుకొండ. నాయన బడిపంతులు. మాది క్రైస్తవ కుటుంబం, ఆదివారం చర్చి తప్పేది కాదు. ఇంట్లో నాకు ముక్కుసూటి మనిషినని పేరు. బస్సులో సీటు మీద తువ్వాలు వేసి ఆపుకున్నవాళ్లతో గొడవకు దిగేదాన్ని. వంకాయ పుచ్చిందని అంగడివాడి మొహం మీదే చెప్పి వచ్చేదాన్ని. 'ఈ పిల్లకు అబద్ధం చెప్పడం చేతకాదు, ఎట్లా బతుకుతుందో' అని మా అవ్వ బాధపడేది. అవ్వకు నా గురించి తెలిసింది తక్కువ.

ఫార్మసీ చదివాక, తొంభైల మధ్యలో, హిందూపురంలో ఒక చిన్న మందుల యూనిట్‌లో చేరాను. చర్మానికి పూసే క్రీములు, ఆయింట్‌మెంట్లు చేసేవాళ్లం. ట్యూబులు నింపి మూసే ఆడవాళ్లు, పెద్ద స్టీలు గంగాళాల్లో కలిపే మగవాళ్లు, ల్యాబులో నేను. రోజూ పెనుకొండ నుంచి బస్సులో పోయి వచ్చేదాన్ని. ఓనరు మంచివాడే. కానీ ల్యాబంటే ఆయనకు సర్కారు తనిఖీ వచ్చినప్పుడు చూపించే గది. నన్ను కూడా ఆ గదిలో ఒక సామానుగా చూసేవాడు. అది నాకు ఒళ్లు మంట.

మేం చేసేవాటిలో ఎక్కువ అమ్ముడుపోయేది ఒక స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్. దురదకి, పగుళ్లకి, గజ్జి తప్ప చర్మానికి వచ్చే ప్రతిదానికీ డాక్టర్లు రాసేవాళ్లు. అది మిగతా ఊళ్లలో బాగానే పోయేది. ధర్మవరంలో మాత్రం అంగళ్లవాళ్లు వాపసు పంపేవాళ్లు. ఎందుకో మా ఓనరుకు అర్థమయ్యేది కాదు. చేతి పగుళ్లు లేని ఇల్లు లేని ఊరది. అక్కడెందుకు పోదు?

నాకు తెలిసింది మా అక్క వల్ల. బావకు రైల్వేలో ఉద్యోగం. ధర్మవరంలో మగ్గాల వీధిలో అద్దెకు ఉండేవాళ్లు. పక్కిల్లే ఓబులేసన్నది. ఆయన గుంత మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. తమ్ముడు మద్దిలేటి పట్టుకు రంగులు అద్దుతాడు. ఒకే ఇల్లు, ఒకే వంట. తమ్ముడు రంగు వేసిన పట్టు అన్న మగ్గం మీదికి ఎక్కేది. నేను అక్కను చూడటానికి పోయినప్పుడు ఓబులేసన్న చేతులు చూశాను. వేళ్ల సందుల్లో చర్మం ఎండి, లేచి, పగిలి ఉంది. తెగిన పోగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి అతుకుతుంటే ఆ పొట్టుకు పట్టు తగులుకుని పీచులేస్తోంది.

మందు పూసుకోలేదా అని అడిగాను. నవ్వాడు. గూట్లోంచి మా ఆయింట్‌మెంటు ట్యూబే తీసి చూపించాడు. మూత కూడా సరిగా తీయలేదు.

"ఈ జిడ్డు పూసుకోని మగ్గం మీద కూర్చునేకి అవుతాదా పాపా? పోగు జారిపోతాది. చీరకు మరక పడితే శావుకారు మొహానే కొడ్తాడు. మరక పడనిది చేసేకి కాదా మీకు?"

వాళ్లకు పట్టూ జరీ ఇచ్చి చీర నేయించుకునే యజమానిని శావుకారు అంటారు. నెల పొడవునా నేసిన చీర మీద చిటికెనవేలి గోరంత నూనె మరక ఉన్నా ఆయన తీసుకోడు. అందుకే ఆ వీధిలో మందు గూట్లో ఉండేది, పగుళ్లు చేతులకు ఉండేవి.

ఆ మాట నన్ను పట్టుకుంది. మరక పడనిది చేసేకి కాదా మీకు. తిరుగు ప్రయాణమంతా అదే ఆలోచన. ల్యాబులో సామానుగా ఉన్నదానికి ఒక పని దొరికింది. ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

ఇక్కడ మా పనిలో సంగతి ఒకటి మీకు చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాదేదీ తెలియదు. ట్యూబు మీద వేసే అంకె, లోపల ఎంత మందు ఉందో చెబుతుంది. అందులో ఎంత చర్మంలోకి దిగుతుందో చెప్పదు. అది మందును మోసే సరుకు మీద ఉంటుంది. ఉప్పు తీసుకుని నూనెలో వేయండి, అడుగున కూర్చుంటుంది. అదే ఉప్పు నీళ్లలో వేయండి, కరిగి అంతటా పాకుతుంది. ఉప్పు ఒకటే, కొలతా ఒకటే. మా పాత ఆయింట్‌మెంటులో స్టెరాయిడ్ సన్నటి పొడిగా ఆ జిడ్డులో కూరుకుపోయి ఉండేది. కొంచెం కొంచెంగా బయటికి వచ్చేది. డాక్టర్లు ఆ కొంచెం చూసే రోజుకు ఎన్నిసార్లు పూయాలో రాసేవాళ్లు.

నేను జిడ్డంతా తీసేశాను. స్నోలా మాయమైపోయే క్రీము తయారుచేశాను. పొడి అందులో కలవడానికి గ్లైకాల్ అనే చిక్కటి ద్రవం ఎక్కువగా పోశాను. అందులో స్టెరాయిడ్ పూర్తిగా కరిగింది. పూస్తే క్షణంలో ఇంకిపోయింది. చేయి పొడిగా, మెత్తగా. ఎంత అందంగా వచ్చిందో! నాకు నేనే ముచ్చటపడి వాసన చూసుకున్నాను.

మొదటి పరీక్ష దేని మీద చేశానో తెలుసా? పట్టు మీద. అక్క చేత తెప్పించుకున్న పట్టుగుడ్డ ముక్కల మీద. లేత రంగుది, ముదురు రంగుది, జరీ అంచుది. క్రీము పూసిన వేలితో నలిపాను, వత్తాను, ఎండలో పెట్టాను, ఇస్త్రీ పెట్టాను. మరక లేదు. ఆ ముక్కలు ఓనరు బల్ల మీద పరిచినప్పుడు ఆయన కళ్లజోడు పెట్టుకుని మరీ చూశాడు. మనిషి తోలుకు పూసే మందును ముందు చీర మీద పరీక్ష చేసిన వాళ్లు లోకంలో ఇంకెవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. ఆ రోజు మా గదిలో చీర బాగుందా లేదా అన్నదే ప్రశ్న. చేతి సంగతి ఎవరూ అడగలేదు.

అడిగి ఉంటే కూడా నేను తప్పు జవాబే చెప్పేదాన్ని. జిడ్డు చర్మాన్ని కప్పేస్తుంది, కప్పితే మందు ఎక్కువ దిగుతుంది అని చదువుకున్నాను. కాబట్టి జిడ్డు తీసేస్తే మందు బలం తగ్గాలి. అదే నా భయం. బలం తగ్గిపోయి పనిచేయకపోతే పరువు పోతుందని, ఎవరూ అడగని పరీక్ష ఒకటి నేనే చేశాను. గాజు గొట్టం మూతికి సెల్లోఫేన్ కాగితం బిగించి కట్టి, లోపల క్రీము నింపి, గోరువెచ్చని ద్రవంలో నిలబెట్టి, ఆ కాగితం దాటి ఎంత మందు కిందికి దిగుతోందో కొలవడం. ఒకదాంట్లో పాతది, ఒకదాంట్లో కొత్తది.

కొత్తదాంట్లోంచి దిగింది తక్కువ కాదు. ఎక్కువ. చాలా ఎక్కువ. కాగితం చిరిగిందనుకున్నాను. గొట్టాలు కడిగి కొత్త కాగితం కట్టాను. మళ్లీ అంతే. పాతది మూలుగుతూ మూలుగుతూ దిగుతుంటే కొత్తది గేటు తీసినట్టు దిగుతోంది.

అప్పటికీ నమ్మలేదు. కాగితం కాగితమే, చర్మం చర్మమే అనుకున్నాను. సాయంత్రం ఇంటికి పోయాక ఎడమ ముంజేతి లోపలివైపు పాతది ఒకచోట, కొత్తది ఒకచోట చుక్క పెట్టి ప్లాస్టరు వేసుకున్నాను. స్టెరాయిడ్ లోపలికి దిగితే అక్కడి సన్న రక్తనాళాలు ముడుచుకుపోతాయి. చర్మం పాలిపోతుంది. ఎంత దిగితే అంత పాలిపోతుంది. మరుసటి రోజు హిందూపురం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ప్లాస్టర్లు ఊడదీశాను. పాతది పూసినచోట ఏదో ఉందా లేదా అన్నట్టు ఉంది. కొత్తది పూసినచోట సున్నం తగిలినట్టు తెల్లటి మచ్చ.

పక్క సీటులో ఒక పెద్దామె, లేపాక్షి ఆమె అనుకుంటా, వంగి చూసి బొల్లి వచ్చిందా అమ్మా అని జాలిగా అడిగింది. నేను చీర కొంగు లాగి చేయి కప్పుకున్నాను.

అదీ నా తప్పు మొదలైన చోటు. కప్పుకోవడం.

ఆ రోజే చెప్పాలని ఓనరు గదిలోకి పోయాను. నిజంగానే పోయాను. చేయవలసింది కూడా తెలుసు. మందు కొలత సగానికి తగ్గించాలి, ఇంకా తగ్గించాల్సి వస్తుందేమో చూడాలి. అంతే. కానీ తగ్గిస్తే ట్యూబు మీద వేసే అంకె కూడా తగ్గుతుంది. పక్క కంపెనీ ట్యూబు మీద పెద్ద అంకె, మా దాని మీద చిన్న అంకె. ఎవడు కొంటాడు? నేను నోరు తెరవకముందే ఆయన కుర్చీ చూపించాడు. ఇన్ని రోజుల్లో ఆయన నన్ను కూర్చోమనడం అదే మొదలు. ఆ పట్టుముక్కలు చూపిస్తే ధర్మవరం అంగళ్లవాళ్లు కొత్త క్రీము పంపమని అడుగుతున్నారట. మైసూరుపాకు డబ్బా ముందుకు తోశాడు. బయట ఉన్న ఆడవాళ్లను పిలిచి, చూడండమ్మా ఈ పిల్ల బుర్ర, అన్నాడు. ఏదో చెప్పడానికి వచ్చినట్టున్నావే అని అడిగాడు కూడా.

ఏం లేదు సార్, ఊరికే వచ్చాను అన్నాను. మైసూరుపాకు తిన్నాను. బాగుంది కూడా.

సర్కారు పరీక్షలో ఆ క్రీము నెగ్గింది. ఎందుకు నెగ్గదు? వాళ్లు అడిగింది అంకె. అంకె నిజమే.

మొదట్లో ఆ వీధిలో నాకు జరిగిన మర్యాద చూడాలి. ఓబులేసన్న పగుళ్లు వారం తిరక్కముందే మానాయి. చేతులు చంటిపిల్లల చేతుల్లా అయ్యాయి. నేను పోతే మగ్గం దిగి వచ్చి చేతులు తిప్పి చూపించేవాడు. వాళ్ల అమ్మ నాకు ఉగ్గాని, బజ్జీ చేసి పెట్టేది. మద్దిలేటి, 'పాపా, మా అన్నకు నువ్వు చేతులిచ్చినావు' అన్నాడు. ఆ మాట ఆ మనిషి నోటి నుంచే వచ్చింది. గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోలేకపోతున్నాను.

ఆపితే దురద మళ్లీ వచ్చేది. మళ్లీ పూసేవాడు. మరక పడదు కదా, మగ్గం ఎక్కే ముందు పూసేవాడు, దిగాక పూసేవాడు. చేయి కడిగితే పూసేవాడు. పాత జిడ్డు మందైతే అన్నిసార్లు పూయగలిగేవాడా? ఆ జిడ్డే ఆయన్ని ఆపేది. ఆ జిడ్డే కాపాడేది. దాన్ని తీసేసింది నేను.

రెండు మూడేళ్లు గడిచాయి. నేను పోవడం తగ్గించాను. పని ఎక్కువ అని అక్కకు చెప్పేదాన్ని. నిజానికి భయం. ఏం చూడవలసి వస్తుందో అని. ఒకసారి అక్క కాన్పుకు పోక తప్పలేదు. పక్కింటికి వాళ్ల అమ్మ కాఫీకి పిలిచింది. అరుగు మీద కూర్చున్నాను. ఓబులేసన్న వచ్చి ఎదురుగా కూర్చుని చేతులు చాపాడు.

వేళ్ల చివర్లు సన్నబడిపోయాయి. చర్మం ఉల్లిపొరలా పల్చగా మెరుస్తోంది. కింద నరాలు ఎర్రగా, నీలంగా కనిపిస్తున్నాయి. పడుగు పోగు తగిలినా తెగి రక్తం వస్తోందట. పట్టుపోగు మనిషిని కోస్తుందని నేను ఎన్నడూ వినలేదు. మూడు వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుని ఉన్నాడు.

చూడగానే తెలిసింది. ఇంత కూడా సందేహం లేదు.

"పాపా, నువ్వు చదువుకున్నదానివి. నువ్వు చెప్తే వింటా. ఆ మందులో ఏమన్నా ఉండాదా?"

"మందులో ఏమీ లేదన్నా."

"మరి యాడి నుంచి వచ్చినట్ల ఇది?"

"రంగులోనే ఉండాదేమో. ఇప్పుడు కొత్త రంగులు వస్తాండాయి కదా."

ఆయన చేతులకేసి చూసుకున్నాడు.

"రంగు అద్దేది మావాడే కదా," అన్నాడు.

నేను కాఫీ తాగాను.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది నాకు? ముందు అనుకుని పోలేదు. ఒట్టు. మద్దిలేటి మీద నాకేం కోపం? తర్వాత ఎన్నోసార్లు ఆ అరుగును మనసులో మళ్లీ పరుచుకుని చూశాను. అరుగు పక్కనే నీడలో దండెం మీద మిరపపండు రంగు పట్టు పోగుల కట్టలు, చిలపలు, ఆరుతున్నాయి. కింద నేల మీద ఎర్రటి చుక్కలు. మద్దిలేటి అప్పుడే అద్ది ఆరేసినవి. దొంగతనం బయటపడేటప్పుడు చేతికి దొరికినవాణ్ణి చూపించినట్టు, కంటికి ఎదురుగా ఉన్నదాన్ని చూపించాను. రంగు అద్దేది ఆయన తమ్ముడని తెలుసు. తెలిసే అన్నానా? తెలియనట్టు అన్నానా? ఈ రెంటికీ తేడా ఉందని కొన్నాళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. లేదు. తేడా లేదు.

ఉద్యోగం పోతుందని భయమా? అది కూడా. అయితే అదొక్కటే అయితే ఇంత సిగ్గు ఉండేది కాదు. అది నా క్రీము. నా జీవితంలో నేను సొంతంగా చేసిన ఒకే ఒక్క వస్తువు. దాన్ని చెడ్డది అనడానికి నోరు రాలేదు. ఒక మనిషి వేళ్ల కంటే నాకు నా తెలివి ముద్దైంది.

అక్కడితో ఆగినా బాగుండేది. లేచేటప్పుడు మనసు పీకింది. కొన్నాళ్లు ఏ మందూ పూయొద్దన్నా, చేతులకు గాలి తగలనీ, అని చెప్పి వచ్చాను. అదొక్కటి మంచి పని చేశాననుకున్నాను. క్రీము ఆపితే నెమ్మదిగా బాగుపడుతుందని నాకు తెలుసు. నిజం చెప్పకుండానే మనిషిని కాపాడాను, ఎంత తెలివైనదాన్ని అని బస్సులో కొంచెం ఊపిరి కూడా పీల్చుకున్నాను.

ఏం జరిగిందో చూడండి. ఆయన నా మాట విని క్రీము ఆపేశాడు. నా మాట వినే, పట్టుకు రంగు వేయడం తమ్ముడి దగ్గర మాన్పించి వేరేవాళ్లకు ఇచ్చాడు. రెండూ ఒకేసారి. మందు ఆపేసరికి మొదట చేతులు మండిపోయాయి. తర్వాత తర్వాత చర్మం కొంచెం కొంచెం గట్టిపడింది. వీధి వీధంతా చూసింది. రంగు మార్చాడు, చేతులు బాగయ్యాయి. ఇంకేం సాక్ష్యం కావాలి? నా అబద్ధాన్ని నిజమని నిరూపించింది నేను చేసిన ఆ ఒక్క మంచి పనే.

మిగతాది అక్క చెప్పగా విన్నాను. అన్న ఏదో ఒకనాడు నోరు జారాడు. తమ్ముడు కొడుకు తల మీద చేయి పెట్టి ఒట్టేశాడు. పాత రంగులే వాడుతున్నానన్నాడు. వినలేదు. చదువుకున్న పిల్లే చెప్పింది, నీకంటే ఆ పిల్లకు తక్కువ తెలుసా అన్నాడట అన్న. అప్పుడు మద్దిలేటి రంగు కాగుతున్న గంగాళాన్ని దింపి వీధిలోకి తెచ్చి, చల్లారనిచ్చి, అందరూ చూస్తుండగా మోచేతుల దాకా రెండు చేతులూ అందులో ముంచి కూర్చున్నాడట. 'చూడండప్పా, నా చేతులకేమైతాదో చూడండి' అని. పొద్దు వాలేదాకా అట్లాగే కూర్చున్నాడు. ఏమీ కాలేదు. ఏమవుతుంది? చిన్నప్పటి నుంచీ ఆ చేతులు ఆ రంగులోనే ఉన్నాయి. అయినా జనం ఏమన్నారో తెలుసా? అలవాటుపడిన చేతులు, వీనికేమైతాది అన్నారు.

ఈ సంగతి విన్న రోజు నేను అన్నం తినలేదు. ఆయనా నాలాగే పరీక్ష చేశాడు, సొంత చేతుల మీద. ఆయన వీధిలో పెట్టాడు. నేను కొంగు కింద పెట్టాను.

మద్దిలేటి భార్యాబిడ్డలను తీసుకుని దొడ్డబళ్లాపురం పోయాడు. అక్కడ మరమగ్గాల వాళ్ల దగ్గర కూలికి రంగులు వేస్తున్నాడని విన్నాను. నేను యూనిట్‌లో ఆ క్రీము ఆపించాను. ఎలా ఆపించానో అడగరేం? ఎండకు విరిగిపోతోందని ఓనరుకు ఇంకో అబద్ధం చెప్పి, మళ్లీ జిడ్డుదానికి మార్పించాను. ధర్మవరం వాళ్లు కొనడం మానేశారు. కొన్నాళ్లకు నేను మానేశాను. ఆ తర్వాత ఓనరు మందులు వదిలి స్థలాల వ్యాపారంలోకి దిగాడు. ఆ షెడ్డులో ఇప్పుడేముందో తెలియదు. ఆ క్రీము ఓబులేసన్న ఒక్కడే పూశాడా? ఆ ట్యూబులు ఇంకెన్ని గూళ్లకు చేరాయి, ఇంకెవరి మొహాలకు, ఎవరి పసిపిల్లలకు? నాకు తెలియదు. తెలుసుకునే ప్రయత్నం చేయలేదు. ఇదీ ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు పెనుకొండలో ఒక మందులషాపులో కూర్చుంటాను. మొహం తెల్లబడటానికి స్టెరాయిడ్ క్రీము కావాలని ఆడపిల్లలు వస్తారు. చీటీ లేకుండా ఇవ్వను. అరుస్తాను. నన్ను చూస్తే పిల్లలకు భయం, కోపిష్టి అక్క అంటారు. వాళ్ల మీద కోపం కాదది.

ఓబులేసన్న చేతులు సగమే బాగయ్యాయి. పైచర్మం గట్టిపడింది కానీ వేలి చివర్లు మళ్లీ నిండలేదు. మగ్గం దించేశాడు. దించే ముందు నేసిన చివరి చీర నాకు ఇచ్చాడు. ముదురు ఆకుపచ్చది, జరీ అంచు. కొంగు దగ్గర చిన్న గోధుమరంగు మచ్చ ఉంది. ఆయన రక్తమే. శావుకారు తీసుకోలేదు. 'నిజం చెప్పి నా చేతులు కాపాడినావు పాపా, నువ్వు కట్టుకో' అన్నాడు. ఒక చీర మీద మరక పడకూడదనే కదా అంతా చేశాను. ఆ చీర తీసుకున్నాను. వద్దంటే ఎందుకంటాడని తీసుకున్నాను. ట్రంకు పెట్టె అడుగున పెట్టాను.

మొన్నామధ్య వాళ్ల అమ్మ పోయింది. నాకు ఉగ్గాని పెట్టిన తల్లి, పోకుండా ఎలా ఉంటాను? మద్దిలేటి కూడా వచ్చాడు. జుట్టు నెరిసింది. చేతులు ఇంకా రంగులోనే ఉన్నాయి, గోళ్ల చుట్టూ నీలం. అన్న అటువైపు, తమ్ముడు ఇటువైపు. తల్లిని మోసేటప్పుడు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఓబులేసన్న నన్ను చూసి, చుట్టూ ఉన్నవాళ్లకు, ఈ పాపే అప్పుడు నిజం చెప్పింది అని చూపించాడు. మద్దిలేటి నా వైపు చూశాడు. తిట్టలేదు. కోపం కూడా కనిపించలేదు. ఆ చూపులో అడగడం ఉంది. నీకు తెలుసు కదా అని అడుగుతున్నట్టు. నేను తల దించుకున్నాను. ఆయన మంచినీళ్లు కూడా ముట్టకుండా రైలుకు పోయాడు.

ఆ తర్వాతి ఆదివారం ఆ ఆకుపచ్చ చీర కట్టుకుని చర్చికి పోయాను. మా దాంట్లో ఆరాధన మధ్యలో లేచి సాక్ష్యం చెప్పే అలవాటు ఉంది. దేవుడు చేసిన మేలు చెబుతారు, చేసిన పాపం ఒప్పుకుంటారు. తాగుడు ఒప్పుకున్నవాళ్లున్నారు, అత్తను ఏడిపించింది ఒప్పుకున్నవాళ్లున్నారు. నేను లేచి నిలబడ్డాను. కొంగు మీది మచ్చ వేళ్లతో పట్టుకున్నాను. అందరూ తిరిగి చూశారు. ప్రయాణంలో దేవుడు కాపాడాడు, స్తోత్రం, అని కూర్చున్నాను.

అందుకే మీ దగ్గరికి వచ్చాను. నన్ను క్షమించమని అడగను. ఆ పని మీది కాదు. చేతులు పోయినాయన ఒకరు, అన్న దూరమైనాయన ఒకరు ఉన్నారు, క్షమించడమో మానడమో వాళ్లది. వాళ్ల ముందు నిలబడే ధైర్యం నాకు వస్తుందో రాదో, వస్తుందని మీకు మాట ఇచ్చి ఇంకో అబద్ధం చెప్పను. ఆ అరుగు మీద చెప్పవలసిన మాట మాత్రం ఒక్కసారైనా నా నుంచి బయటికి రావాలి.

మందులోనే ఉండాదన్నా. నేను చేసిన మందులోనే. రంగులో ఏమీ లేదు.

రాసేశాను. ఈసారి దారి మళ్లలేదు.